తొమ్మిదో రోజు తెచ్చిన చేపలు

మాకు పుట్టాల్సిన బిడ్డ ఎనిమిదో నెలలో కడుపులోనే పోయింది. తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి తీశారు. ఆడపిల్ల. చిత్తూరుకు తిరిగొచ్చాక నా భార్య మాట్లాడడం దాదాపు మానేసింది. తను మా మేనమామ కూతురు. చిన్నప్పటి నుంచి బావా బావా అంటూ నోరు మూయకుండా తిరిగిన మనిషి. ఇప్పుడు అడిగితే ఊ అనేది, పెడితే తినేది. మా అత్త నెలరోజులు మాతో ఉండి, ఐరాల దగ్గర పల్లెలో పాడి చూసుకునేవాళ్లు లేక వెళ్లిపోయింది.

నేను మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో, ల్యాబులో పనిచేస్తాను. గుజ్జులో తీపి ఎంత, పులుపు ఎంత అని కొలవడమే నా పని. కాయల కాలం అయిపోయి పని తగ్గింది. ఇంట్లో కూర్చుంటే ఆ మౌనం మింగేసేట్టు ఉండేది. అప్పుడు ఒక సంగతి గుర్తొచ్చింది. కడుపుతో ఉన్నప్పుడు పరీక్షలకు వెళ్లినప్పుడల్లా తను ఆసుపత్రి హాల్లోని సముద్రపు చేపల తొట్టి ముందు నిలబడిపోయేది. టోకెన్ నంబరు పిలిచినా వినిపించుకునేది కాదు. నారింజ రంగు మీద తెల్ల పట్టీలుండే చేపలంటే తనకు ఇష్టం. అలాంటి తొట్టి ఇంట్లో పెడితే కొంచెమన్నా తేరుకుంటుందేమో అనుకున్నాను.

తిరుపతిలో చేపల అంగడి నడిపే పెద్దాయన తొట్టి, ఉప్పు సంచి, సముద్రపు రాళ్లు, అమ్మోనియా పరీక్ష చేసే మందు సీసాలు అన్నీ ఇచ్చాడు. చేపలు మాత్రం ఇవ్వలేదు.

"నెలన్నా ఆగాలప్పా. కొత్త తొట్టిలో అమ్మోనియా పుడతాది. అది చేపకు విసం. దాన్ని తినే సూక్ష్మజీవులు ఆ రాళ్లల్లో పెరగాల. అంతదాకా ఉత్త నీళ్లే పెట్టుకో" అన్నాడు.

క్యాను నీళ్లలో ఉప్పు కలిపి తొట్టి నింపాను. తను గుమ్మం దగ్గర నిలబడి చూసి వెళ్లిపోయేది. ఎనిమిదో రోజు సాయంత్రం నా పక్కకొచ్చి అడిగింది.

"చేపలు ఎప్పుడొస్తాయి బావా?"

నెలలు గడిచాక తనంతట తాను అడిగిన మొదటి మాట అది. ఇంకా మూడు వారాలు పడుతుందని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మర్నాడు పొద్దున నీళ్లు పరీక్ష చేశాను. అమ్మోనియా లేకుంటే గొట్టంలో రంగు పసుపుగా ఉండాలి. ఆకుపచ్చగా వచ్చింది. పరీక్షలు చేసి బతికేవాణ్ని, దాని అర్థం నాకు తెలియక కాదు. సింకులో పారబోసి, గొట్టం కడిగేసి, తిరుపతి బస్సెక్కాను. నీళ్లు బాగున్నాయని అంగడాయనకు అబద్ధం చెప్పి రెండు చేపలు తెచ్చాను.

మూడు రోజులు తను స్టూలు వేసుకుని తొట్టి ముందే కూర్చుంది. ఒకసారి నవ్వింది కూడా. "దీనికి నడుమ పట్టీ తెగిపోయిండాది సూడు బావా" అని ఒక చేపను చూపించింది.

నాలుగో రోజు రెండూ పైకొచ్చి నోళ్లు తెరుస్తూ ఎగశ్వాస తీయసాగాయి. సగం నీళ్లు మార్చాను. తను స్నానానికి వెళ్లినప్పుడు చూస్తే పట్టీ తెగిన చేప అడుగున పక్కకు పడి ఉంది. పేపర్లో చుట్టి వీధి చెత్తకుండీలో వేశాను. ఫ్యాక్టరీలో పని ఉందని చెప్పి మళ్లీ తిరుపతి వెళ్లాను. అలాంటి చేపే ఇంకొకటి తెచ్చి, తను వంటింట్లో ఉండగా తొట్టిలో వదిలాను.

తను వచ్చి స్టూలు మీద కూర్చుంది. కనిపెట్టడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"ఇది అది కాదు."

"అదేలే మే."

"పట్టీ తెగిన చేప యాడ?"

నేను అద్దం మీద మరక తుడవబోయాను.

"సచ్చిపోయిందా? యాడ పెట్టినావు?"

"చెత్తకుండీలో ఏసినాను."

తను అరవలేదు. తొట్టి వైపే చూస్తూ అంది. "ఆ పొద్దు గూడా ఇట్లే చేసినావు గదా బావా. నేను మత్తులో ఉంటే బిడ్డను ఎత్తుకోని పోయినావు. ఒక్కసారి సూపించినావా?"

నిజమే. ఆ రోజు ఆసుపత్రి వరండాలో మా అత్త నా చెయ్యి పట్టుకుని, "సూపించొద్దు నాయనా, సూస్తే మర్సిపోలేదు" అంది. నేను సరేనన్నాను. తన మంచికే అనుకున్నాను. కానీ బిడ్డను చూసేటప్పుడు తన ముఖం చూడాల్సి వస్తుందని నాకు భయం వేసింది. ఆ మాట అప్పుడు ఎవరితోనూ చెప్పలేదు.

మిగిలిన రెండు చేపలు కూడా వారం లోపలే చనిపోయాయి. వాటిని తనే తీసి, పెరట్లో మల్లెచెట్టు పక్కన పూడ్చింది. తొట్టి తీసేద్దామన్నాను. "ఉండనీ. నీళ్లు సక్కబడేదాకా సూద్దాం" అంది.

తర్వాత పాచి పట్టింది. ముందు ఇసుక మీద, అద్దాల మీద గోధుమరంగు దుమ్ములా పేరుకుంది. ఆ పైన రాళ్లకు పచ్చటి వెంట్రుకల్లా నాచు పుట్టుకొచ్చింది. ఫోన్ చేస్తే అంగడాయన, "కొత్త తొట్టికి అది రాక తప్పదప్పా. లైటు తగ్గించి, నీళ్లు మార్చి, సేత్తో పీకెయ్" అన్నాడు. రోజూ తను మోచేతి దాకా చెయ్యి ముంచి నాచు పీకేది. నేను పక్కన బకెట్ పట్టుకుని నిలబడేవాణ్ని. ఒక రోజు తల తిప్పకుండానే అడిగింది.

"జుట్టు ఉన్నిందా?"

ఎవరి గురించో అడగాల్సిన పని లేకపోయింది. "ఉన్నింది. నల్లగా, ఒత్తుగా."

"కండ్లు?"

"మూసుకోనే ఉన్నింది."

"ఎవురి పోలిక?"

"గడ్డం నీదే మే."

అలా రోజుకొకటి అడిగేది. కొన్నింటికి నా దగ్గర జవాబు లేదు. వేళ్లు ఎలా ఉన్నాయో నేను చూడలేదు. గుడ్డ విప్పి చూసే ధైర్యం లేకపోయింది. ఆ మాటే చెప్పాను. పూడ్చడానికి మా అత్తవాళ్ల పల్లెదాకా కారులో నా ఒళ్లోనే పెట్టుకుని వెళ్లాననీ, ఎవరడిగినా చేతికివ్వలేదనీ చెప్పాను. అది తనకు తెలియదు. నాచు చేతిలోనే పట్టుకుని నా వైపు తిరిగింది.

మూడో నెలకు పాచి తగ్గింది. వరసగా పది రోజులు గొట్టంలో రంగు పసుపుగానే వచ్చింది. ఇక చేపలు తెద్దామా అని అడిగాను.

"ఇప్పుడొద్దు. ముందు నన్ను బిడ్డ కాడికి తీసకపో."

ఆదివారం పొద్దున ఇద్దరం బస్సులో పల్లెకు వెళ్లాం. శ్మశానం ఊరి చివర, నీళ్లు పారే వంక పక్కన ఉంది. వానలకు సర్కారు కంప ముళ్లపొదలై మనిషెత్తు పెరిగింది. ఆ రోజు గుర్తుగా ఒక రాయి పెట్టించాను. ఇప్పుడు చూస్తే అలాంటి రాళ్లు ఎక్కడపడితే అక్కడ ఉన్నాయి. కంప తొలగించుకుంటూ అటూ ఇటూ తిరిగాను. చేతులు గీసుకుపోయాయి. ఆ రోజు ఆ పని తొందరగా ముగిస్తే చాలనుకున్నానే గానీ చుట్టూ ఏముందో చూసుకోలేదు.

"తెలీలేదు మే. నేను గుర్తు పెట్టుకోలేదు" అన్నాను.

"యాడో ఈడనే గదా" అంటూ తను కంప లేని చోటు చూసి కూర్చుని, మట్టి మీద అరచెయ్యి ఆనించింది. నేనూ పక్కన కూర్చున్నాను. ఎండ నెత్తికెక్కేదాకా అక్కడే ఉన్నాం.

తిరుగు బస్సులో తను కిటికీ వైపు తిరిగి, చిత్తూరు వచ్చేదాకా ఏడ్చింది. నేను ఆపలేదు.