పెద్దమ్మ చదివిన ముగింపు

పుస్తకం తెరవకుండా నోరు తెరవడం ఉద్యోగంలో ఉన్నప్పటినుంచీ నాకున్న జబ్బే గాని, పోయిన నెల మా విజయవాడ పుస్తక మిత్రుల సమావేశంలో అది ముదిరి నన్ను నలుగురిలో నవ్వులపాలు చేసింది. ఆ రోజు చర్చకు పెట్టిన నవల, కుంఫిణీ మీద తిరగబడి ద్వీపాంతరం పోయిన ఓ యువకుడిది, అతని కోసం బందరు రేవులో కాచుకున్న పిల్లది. చిన్నప్పుడు వారపత్రికలో సీరియల్‌గా వస్తుండగా మొత్తం విన్నవాణ్ణి, మళ్లీ చదవడమెందుకన్న ధీమాతో, కథానాయకుడు తిరిగొచ్చే ఆఖరి ఘట్టం గురించి పావుగంట గొంతు వణికించుకుంటూ మాట్లాడాను. రిటైరైన లెక్చరరమ్మగారు ఓపిగ్గా అంతా విని, కళ్లజోడు సవరించుకుని, "మీ కాపీలో తిరిగొచ్చాడేమోనండీ, నా కాపీలో మాత్రం ఓడ మీదే పోయాడు" అని ఆఖరి పేజీ చదివి వినిపించారు. అందరితోపాటు నేనూ నవ్వాను. ఇంటికి తీసుకెళ్లి నిదానంగా చదువుకోమని ఆవిడ పుస్తకం నా చేతిలో పెట్టారు.

గన్నవరం బస్సులో ఆ పేజీ నాలుగుసార్లు చదివాక నవ్వు ఆగిపోయింది.

హనుమాన్ జంక్షన్ దగ్గర మా ఊళ్లో, మా ఇంటి ఆడవాళ్లలో చదువొచ్చింది పెద్దమ్మకొక్కదానికే. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక ఆవిడ పత్రిక పట్టుకు కూర్చుంటే, నాయనమ్మ చేటలో మినుములు ఏరుకుంటూ వినేది, నేను బడి ఎగ్గొట్టయినా వినేవాణ్ణి. పెదనాన్న పోలీసు క్యాంపుల రోజుల్లో కమ్యూనిస్టు పార్టీ వాళ్లతో అడవుల్లోకి వెళ్లి మళ్లీ రాలేదు. ఉన్నాడనిగానీ లేడనిగానీ చెప్పినవాళ్లు లేరు. పన్నెండేళ్లు దాటాయి గనక దర్భబొమ్మకు దహనం చేసి కర్మ జరిపించేయాలని బంధువుల్లో పెద్దవాళ్లు పట్టుబట్టారు. అది జరిగితే పెద్దమ్మ బొట్టూ గాజులూ తీసేయాలి. కన్నతల్లిగా నాయనమ్మ ఊ అనడమే తరువాయి, ఆవిడ మెల్లిగా మెత్తబడుతోంది. సరిగ్గా ఆ వారమే సీరియల్ ఆఖరి భాగం వచ్చింది.

ఎప్పుడూ గడగడా చదివే పెద్దమ్మ ఆ రోజు ఆగి ఆగి చదివింది. ఓడ రేవుకొచ్చింది, గడ్డం పెరిగిన మనిషొకడు దిగాడు, ఆ పిల్ల గుర్తుపట్టింది. నాయనమ్మ చేట పక్కన పెట్టి, "ఎన్నేళ్లకొచ్చాడే?" అంది.

పెద్దమ్మ పేజీ మీంచి తల ఎత్తలేదు. "పద్నాలుగేళ్లకి, అత్తయ్యా."

పెదనాన్న వెళ్లి అప్పటికి పదమూడో ఏడు.

మర్నాడు ముహూర్తం మాటెత్తిన బంధువులతో నాయనమ్మ ఇంకో ఏడాది చూద్దామంది. ఆ ఏడాది మరో ఏడాదికి దారి ఇచ్చింది. పెదనాన్న రానూ లేదు, కర్మ జరగనూ లేదు. నాయనమ్మ కొడుకు వస్తాడనుకుంటూనే వెళ్లిపోయింది, చాన్నాళ్లకు పెద్దమ్మ బొట్టుతోనే వెళ్లిపోయింది. ఆ వారం సంచిక మాత్రం మళ్లీ ఎవరి కంటా పడలేదు.

అసలు పేజీలో ఉన్నది సముద్రంలోకి జారవిడిచిన శవం. దాన్ని కళ్లతో చదువుతూ, నోటితో మనిషిని ఒడ్డుకు చేర్చింది ఆ మహాతల్లి. అరవై ఏళ్లుగా నేను రచయిత ఖాతాలో వేసిన గొప్పతనమంతా మా పెద్దమ్మది. ఇవాళ ఎవరి పుస్తకం వాళ్లది, ఎవరి ఫోను వాళ్లది. ఎదుటివాళ్ల మొహం చూసి కథ చదివిపెట్టే మనిషి ఏ ఇంట్లోనూ లేదు, ఏ చావు కబురైనా ఉన్నదున్నట్టు నేరుగా వచ్చి తగులుతోంది.

మొన్న సమావేశంలో పుస్తకం తిరిగిచ్చేశాను. ఆఖరి నాలుగు పేజీలూ కలిపి సూదీదారంతో కుట్టేసి, వాటి ముందు ఓ తెల్లకాగితం అతికించి, పెద్దమ్మ చదివింది చదివినట్టు రాసి మరీ ఇచ్చాను. లెక్చరరమ్మగారు ఇంకా చూసినట్టు లేదు. దారం మాత్రం గట్టిదే వాడాను.