పాలపిట్ట మార్కు చొక్కా

మొన్న మిర్యాలగూడ దాటుతుంటే బస్సు కిటికీలోంచి తవుడు వాసన వచ్చింది. వెచ్చగా, కాస్త తియ్యగా, గొంతులో సన్నగా దుమ్ము పట్టే వాసన. పక్క సీటులోని అమ్మాయి ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుంది. నేను కిటికీ ఇంకొంచెం తెరిచాను. ఆ వాసన మాణిక్యమ్మగారిని తెచ్చి నా ఎదురుగా కూర్చోబెడుతుంది. ముతక తెల్లచీర, దాని అంచుకు ఎప్పుడూ అంటుకుని ఉండే తవుడు, నవ్వితే కనిపించే ఒక విరిగిన పన్ను. భర్త పోయాక అందరూ అమ్మేయమన్న రైసుమిల్లును అమ్మకుండా తానే నడిపిన మనిషి ఆవిడ.

మాది సూర్యాపేట దగ్గరి ఆత్మకూరు వైపు పేరున్న ఇల్లు. తాతగారి కాలంలో కల్లంలో వడ్ల రాశి మీద మా కర్రముద్ర పడితే, అది ఎత్తేదాకా ఒక్క గింజ ముట్టే ధైర్యం ఎవరికీ ఉండేది కాదట. పశువుల తొడల మీద కూడా అదే గుర్తు, వాత పెట్టి. నాకు ఊహ తెలిసేసరికి భూములు లేవు, పశువులు లేవు, ముద్ర ఒక్కటి బాపు ట్రంకుపెట్టె అడుగున ఉండేది. సాగర్ ఎడమ కాలువకు నీళ్ళొచ్చి మిర్యాలగూడలో మిల్లులు లేస్తున్న రోజుల్లో, బాపుకు అక్కడ గుమాస్తా పని దొరికి, మాణిక్యమ్మగారి మిల్లు వెనుక రెండు గదుల్లో కిరాయికి దిగాం. ఎవరైనా జాలిగా చూస్తే తల ఇంకొంచెం పైకెత్తడం మా ఇంట్లో అందరికీ అలవాటు. నాకు ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు, పోవాలని నేను కోరుకోలేదు కూడా.

నేను బడిలో కబడ్డీ ఆడేదాన్ని. మిల్లులో వడ్లు ఆరబోసే జాగా ఖాళీగా ఉంటే మా ఏడుగురం అక్కడే సాధన చేసేవాళ్ళం. నేను కూతకు వెళ్ళేటప్పుడు మా పద్మ వెనకనుంచి, “దొరసాని బయలెల్లింది, దారియ్యుండ్రి!” అని అరిచేది. మాణిక్యమ్మగారు అరుగు మీద నిలబడి చూసేవారు. ఆ ఏడు కోదాడలో పోటీలు పెట్టారు, గెలిచినవాళ్ళకు సూర్యాపేటలో ఆఖరి ఆట. బడిలో ఉన్న కాస్త సొమ్మూ మగపిల్లల జట్టుకే సరిపోయింది. మమ్మల్ని వచ్చే ఏడు చూద్దామన్నారు. వచ్చే ఏటికి మా ఏడుగురిలో ఎందరం బడిలో మిగిలేవాళ్ళమో చెప్పలేం.

ఆ సంగతి తెలిసి మాణిక్యమ్మగారు ప్రయాణం ఖర్చూ, చొక్కాల ఖర్చూ తన మిల్లుదే అన్నారు. ఆవిడ మరిది అక్కడే ఉన్నాడు.

“వదినె, పెడితే కుస్తీ పోటీలకు పెట్టు. వందలమంది వస్తరు. మిల్లుకు పేరన్న వస్తది.”

“కుస్తీ సూసినోళ్ళు ఇంటికి వొయ్యి అన్నం వండుతరా?” అన్నారావిడ. “బియ్యం మంచిదా కాదా అని జెప్పేది పొయ్యికాడి మనిషి. ఆమె బిడ్డ ఆడుతుంటే ఆమె సూస్తది. ఆ సూసినప్పుడు నా పిట్ట కనవడాలె.”

పిట్ట అంటే ఆ మిల్లు బియ్యపు బస్తాల మీది పాలపిట్ట. రేకులో కత్తిరించిన అచ్చు పెట్టి, నీలిరంగు ముంచిన గుడ్డతో హమాలీ యాదయ్య బస్తాలకు అద్దేవాడు. చొక్కాలకూ అతన్నే అద్దమన్నారు. అతను బస్తాకు ఎలా అద్దుతాడో అలాగే పూర్తిగా అద్దాడు. మా వీపుల మీద పాలపిట్ట, దాని కింద ‘సన్న బియ్యం’, దాని కింద ‘నికర తూకం 100 కిలోలు’.

పద్మ నేలమీద పడి నవ్వింది. “ఓ యాదయ్య మామా, నన్ను లారీల ఎక్కిస్తవా, గూడ్సు బండిలనా?”

“మార్కు అద్దుమన్నరు, అద్దిన. సగం అద్దితే మల్ల తిడ్తరు గదా,” అన్నాడు యాదయ్య చిన్నబుచ్చుకుని.

నేను నవ్వలేదు. చొక్కా మడిచి అరుగు మీద పెట్టేశాను. “మా ఇంటి ఆడపిల్లలు ఇంకొకరి ముద్ర మోయరు,” అన్నాను. నేను లేకపోతే జట్టుకు ఏడుగురు ఉండరు. పద్మ నవ్వు ఆగిపోయింది.

మాణిక్యమ్మగారు నా పక్కన కూర్చుని చొక్కా ఒళ్ళో పెట్టుకున్నారు. “మీ తాత ముద్ర ఏస్తే అది ఆయనది అయినట్టు. నా మార్కు గట్ల గాదు బిడ్డా. ఈ బస్తాల నూక గలిస్తే నా పరువు పోతది, బస్తాది గాదు. ఇయ్యాల నీ ఈపు మీద పెట్టిన. నువ్వు గాడ ఎట్ల నిలవడితె నా మిల్లు గట్ల నిలవడ్డట్టు. నిన్ను నేను కొంటలేను, నీ మీద నమ్మకం పెడుతున్న.”

“ధర్మానికి ఇస్తున్నారు,” అన్నాను.

“ధర్మమైతే గుళ్ళె ఏస్త. ఇది యాపారం. నాకు రావల్సింది నేను తీసుకుంట, సూడు.”

ఆ మాట ఇంకెవరన్నా నాకు నచ్చేది కాదేమో. ఆమె గొంతులో జాలి లేదు. నాలాంటిదానికి అది ఎంత పెద్ద మర్యాదో ఆమెకు తెలుసనుకుంటాను. చొక్కా తీసుకున్నాను.

కోదాడలో గట్టు మీద కూర్చున్న కుర్రాళ్ళు అచ్చు చదివి, “ఏవమ్మా బియ్యం బస్తా, వంద కిలోలు నువ్వేనా? ఓసారి తూకం వేయిద్దామా?” అని కేకలేశారు. పద్మ వాళ్ళ వైపు తిరిగి, “మోసుటానికి దమ్మున్నోళ్ళు కిందికి దిగుండ్రి!” అంది. జనం వాళ్ళను చూసి నవ్వారు. మేము గెలిచాం.

సూర్యాపేట మైదానంలో ఒకప్పుడు తాతగారు ముందు వరుస కుర్చీలో కూర్చుని పహిల్వాన్లకు వెండి కడియాలు ఇచ్చేవారు. అక్కడ మా ఇంటిపేరు తెలిసినవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆటకు నడిమి గీత దగ్గరికి నడుస్తుంటే వాళ్ళ చూపు నా వీపు మీద పడటం తెలిసింది. బాపు వచ్చి వెనకాల నిలబడ్డారు, కుర్చీ ఇస్తే కూర్చోలేదు. ఆఖరి కూతలో గీత ఇంకా జానెడు ఉందనగా నన్ను పట్టేశారు. ఓడిపోయాం.

చెమటకు నీలిరంగు కరిగి చొక్కా దాటి ఒంటికి అంటింది. మాణిక్యమ్మగారి మరిది, “పిట్ట పడ్డది వదినె, ఇగ ఖతం,” అన్నాడు. ఆమె అతని వైపు చూడలేదు. “ఒక్క పంట పోయిందని కాలువ పూడుస్తమా? వచ్చే ఏడు ఇంకో ఇద్దరు పిల్లల్ని ఎక్కువ తయారు జేయాలె. ఒకరికి జరమొస్తే ఆట ఆగొద్దు,” అని, నా మోకాలి గాయానికి తన చెంగు చింపి కట్టారు. బాపు దగ్గరికొచ్చారు. ఎవరికీ ముందుగా చేతులు జోడించని మా బాపు ఆమెకు దండం పెట్టారు. ఆమె కూడా అంతే మర్యాదగా దండం పెట్టారు.

మరుసటి ఏడు, ఆ తరువాతి ఏళ్ళలోనూ చొక్కాలు వచ్చాయి. యాదయ్య తూకం వదిలేయబోతే మేమే అదీ అద్దమన్నాం. ఊళ్ళో ఆడవాళ్ళు దుకాణానికి పోయి, “మన పిల్లల పిట్ట బియ్యం ఇయ్యి,” అని అడగడం నేను విన్నాను. తనకు రావలసింది ఆమె అలా తీసుకున్నారు.

ఆ తరువాత నేను బడిలో ఆటల టీచరునై, ఇప్పటికీ ఆడపిల్లల జట్ల కోసం కంపెనీల మెట్లు ఎక్కుతూనే ఉన్నాను. మొన్నటి ప్రయాణం కూడా అందుకే. ఎదుటివాళ్ళు “పాపం, ఆడపిల్లలు, ఏదో ఒకటి ఇద్దాంలెండి” అంటే లేచి వచ్చేస్తాను. “మీ పేరు మోసే పిల్లలు ఎలా ఆడతారో వచ్చి చూడండి, ఓడిన ఏడు కూడా ఉండండి” అని చెప్పి, ఒప్పుకున్నవాళ్ళ దగ్గరే కూర్చుంటాను.

ఆ మొదటి ఏడు సూర్యాపేటలో ఓడి వచ్చిన రోజు అమ్మ పెసరపిండితో నా వీపు రుద్దింది. అక్షరాలు పోయాయి. పిట్ట రెక్క ఒకటి పోలేదు. రేపు రుద్దుతానంది. “ఉండనీ అమ్మా,” అన్నాను. ఈ వయసులోనూ వీపు ఇంత నిటారుగా ఎలా ఉంటుందని పిల్లలు అడుగుతారు. మా ఇంటి తీరు అంతే అంటాను. అది సగమే నిజం.