పిడుగు మనిషికి మీసాలు

ఆ రోజుల్లో సిగ్గు అనేది ఇతరులు పడేదని అనుకునేవాణ్ణి. ఇరవై మూడేళ్ల వయసు, కొత్త ఉద్యోగం, గౌలిపురలో అమ్మతో రెండు గదుల అద్దె వాటా, మంచం కింద మూడు అట్టపెట్టెల నిండా పాత సూపర్‌హీరో కామిక్సు. వాటిని చదివేవాణ్ణి అనుకునేరు, లేదు. చదివితే మడత పడుతుంది, మడత పడితే ధర పడుతుంది. చేతులు కడుక్కుని, అంచులు మాత్రమే పట్టుకుని, ఒక్కోదాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఫొటో తీసి ఫోన్లో మా గ్రూపులో పెట్టేవాణ్ణి. ఆ గ్రూపులో ఉన్నవాళ్లందరం మమ్మల్ని మేము 'కలెక్టర్లు' అని పిలుచుకునేవాళ్లం. మా అమ్మ ఈ ముక్క విని రాజమండ్రిలో ఉన్న అమ్మమ్మకు "వాడిప్పుడు కలెక్టరటమ్మా" అని ఎగతాళిగా చెబితే, ఆవిడ నిజమే అనుకుని వీధి వీధంతా పంచదార పంచిపెట్టింది. (పంచదార నా పరువు తీయడం అదే మొదలు, ఆఖరు కాదు.)

మా ఎదురింట్లో పెద్దబాపు (అక్కడ పెదనాన్నను అలా అంటారు), పెద్దమ్మ ఉండేవారు. చుట్టరికమేమీ లేదు. మేము కోస్తా నుంచి ఉద్యోగాలకని వచ్చినవాళ్లం, వాళ్లు తరతరాలుగా అక్కడే బర్రెలు సాకి పాలు పోసినవాళ్లు. వీధిలో పిల్లాపెద్దా అందరూ వాళ్లను అలాగే పిలిచేవారు, నేనూ అలాగే పిలిచాను. బర్రెల్ని అమ్మేసి కొట్టం కూల్చి గదులు కడుతున్నప్పుడు ఒక రేకు పెట్టె బయటపడింది. దాన్నిండా పెద్దబాపు పడుచు వయసులో కొనుక్కున్న 'పిడుగు మనిషి' కామిక్సు. పాత సామాన్లవాడు తూకానికి అడిగితే ఇవ్వకుండా నన్ను కేకేశాడు. "నీకు గీ బుక్కుల పిచ్చంట గద బిడ్డా. తీస్కపో. ఆనికిస్తే పల్లీల పొట్లాలు కడ్తరు." నా కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. "ప్రాణంలా చూసుకుంటాను పెద్దబాపూ" అన్నాను. అన్నప్పుడు నిజంగానే అన్నాను, అదీ చెప్పుకోవాలి కదా.

అన్నీ బాగున్నాయి, ఒక్కటి తప్ప. అందులో పిడుగు మనిషికి ఒక్క బొమ్మ కూడా వదలకుండా నీలం పెన్నుతో మీసాలు పెట్టి ఉన్నాయి. పెద్దబాపు అది చూసి పకపకా నవ్వాడు. "మీ పెద్దమ్మ చేసిన పని. పెండ్లైన కొత్తల. ఆమెకు సదువు రాదు, నేనే సదివి ఇనిపిస్తుంటి. గింత లావు మొగోడు, గీనికి మీసం లేదేంది అని నా చేతిలకెల్లి పెన్ను గుంజుకున్నది." పెద్దమ్మ "ఇగ సాల్తియ్, పోరని ముంగట" అంటూ కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. నేను మర్యాదగా నవ్వాను. లోపల మాత్రం, బంగారం లాంటి పుస్తకం పాడు చేసింది కదా ఈవిడ, అని పళ్లు నూరుకున్నాను.

ఏడాది తిరక్కుండా అన్నీ అమ్మేశాను. పెట్టెలో ఉంచితే ఏం లాభం అని మొదట ఒకటి, అదొక్కటే పోతే జత చెడిందని ఇంకొకటి, అలా. (పాపానికి ఎప్పుడూ కారణాలు కరువుండవు.) మీసాల పుస్తకాన్ని చివరికి బెంగుళూరు కలెక్టరొకడు 'లోపం ఉంది' అని మొహం మాడ్చుకుని తీసుకున్నాడు. వచ్చిన డబ్బుతో తెల్లటి బూట్లు కొనుక్కున్నాను. వాటిని వేసుకుని వీధిలోకి రాగానే మొదట మెచ్చుకున్నది పెద్దబాపే. "మస్తున్నయ్ బిడ్డా, హీరో లెక్కున్నవ్."

తరువాత ఏడాది ఆయనకు చూపు మందగించింది. ఒక కన్ను పనికిరాదన్నారు, ఉన్న రెండో కంటికి ఆపరేషన్ పెట్టుకున్నారు, డాక్టరు గట్టిగా ఏ మాటా ఇవ్వలేదు. దానికి ముందు శుక్రవారం సాయంత్రం పెద్దబాపు గుమ్మంలో నన్ను పట్టుకున్నాడు. "బిడ్డా, ఆ మీసాల బుక్కు ఒక్కపారి తెచ్చియ్యి. సోమారం ఆపరేషన్. అయినంక కనబడ్తదో లేదో, ఒక్కసారి సూస్కుంట." నా నోరు నన్నడక్కుండానే "దానికేం పెద్దబాపూ, ఎల్లుండి తెస్తా" అనేసింది. బెంగుళూరుకు ఫోన్ చేస్తే ఆ కలెక్టరు దాన్ని ఎప్పుడో ఎవరికో అమ్మేశాడట. అప్పుడే వెళ్లి నిజం చెప్పి ఉంటే పోయేది. కానీ నాకు తెలివుందే, ఏం చేయను!

అదే పుస్తకాన్ని ఆమధ్యే కొత్తగా అచ్చు వేశారు. శనివారం కోఠీకి వెళ్లి ఒకటి కొన్నాను. కొత్త కాగితాన్ని పాతగా చేయాలంటే టీ నీళ్లు పూసి ఎండబెట్టాలని విన్నాను. మాది కాఫీ కొంప, తేయాకు పొడి చిటికెడు కూడా ఉండదు, ఫిల్టరు దగ్గరికి అమ్మ ఎవర్నీ రానివ్వదు. అందుకని వీధి చివర హోటల్లో చాయ్ పార్సిల్ అడిగాను. "మలాయ్ జ్యాదా డాలూఁ క్యా భాయ్?" అన్నాడతను, మీగడ ఎక్కువ వేయనా అని. "డాలో భాయ్" అన్నాను దర్జాగా. డాబా మీద కూర్చుని ఆ చిక్కటి తియ్యటి చాయ్‌ని పేజీ పేజీకీ దూదితో అద్దుతుంటే అమ్మ బట్టలు ఆరేయడానికొచ్చి, "ఏవిట్రా అది, పుస్తకానికి తలంటా?" అంది. ఎండాక మీసాలు గీశాను. రెండు వైపులా సమానంగా, మెలి తిప్పి, అద్భుతంగా కుదిరాయి. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

ఆదివారం పొద్దున వాళ్ల గుమ్మం బయట తెల్ల బూట్లు విప్పి లోపలికి వెళ్లాను. పెద్దబాపు మంచం మీద కూర్చుని పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకున్నంత దగ్గరగా తెరిచాడు. పిన్ను దగ్గర్నుంచి ఒక చీమ వచ్చింది. దాని వెనక ఇంకో నాలుగు. నాలుగో పేజీకి వచ్చేసరికి దండు కదిలింది. ఆయన మాత్రం ఒక్కోదాన్ని వేలితో మెల్లగా తోసేస్తూ, "పాత సామాన్లకు చీమలు పడ్తయిలే, ఫికర్ చెయ్యకు బిడ్డా" అన్నాడు. చివరి దాకా తిప్పి పెద్దమ్మకు అందించాడు. "సూడు, నువ్వు గీసినయే గద?" ఆవిడ చాలాసేపు చూసింది. నా వైపు ఒకసారి చూసింది. "ఆఁ, నేనే. ఇంకెవ్వలు గీస్తరు" అని లోపలికి వెళ్లి చాయ్ తెచ్చింది. బతికిపోయాననుకుని ఒక గుక్క తాగాను. చేదు.

"పెద్దమ్మా, చక్కెర వేసినట్టు లేరు..."

"ఎయ్యలే బిడ్డా. బుక్కుల ఏసినవ్ గద, సాలుతది."

పెద్దబాపు భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని హడలిపోయాను. నవ్వుతున్నాడు. "నా కండ్లు పోయినయ్ గని ముక్కు పోలే బిడ్డా. పేజీ పేజీకి చాయ్ వాసనే. మలాయ్ గూడ ఏయించినట్టున్నవ్!" ఇక దాచడానికి ఏం మిగిలింది? అంతా చెప్పేశాను, బూట్ల సంగతితో సహా. తిట్టి ఉంటే ఎంత హాయిగా ఉండేదో. "అమ్ముకుంటే అమ్ముకున్నవ్ తియ్, నీకిచ్చినంక నీదే గద. గీ లొల్లంతా ఎందుకు జేసినవ్?" అన్నాడాయన. పెద్దమ్మ మాత్రం నా ఎదురుగా వచ్చి కూర్చుంది. "మీసాలే గావాల్నంటే నన్నడగకపోతివా? నేనింక బతికే ఉన్న గద బిడ్డా."

ఆ మాటకు తల దించుకున్నాను. మనుషులిద్దరూ ఎదురింట్లో ఉండగా పుస్తకం కోసం బెంగుళూరుకు ఫోన్ చేసిన వెధవని నేను. పెద్దమ్మ నా జేబులోంచి పెన్ను లాక్కుంది. "గివ్వేం మీసాలు, కొత్వాల్ లెక్క! గీయనకు ఎడమ దిక్కు సగమే ఉంటది" అంటూ ఎడమ సగాలన్నీ కొట్టేస్తూ మళ్లీ గీయడం మొదలుపెట్టింది. నేను తలెత్తి పెద్దబాపు మొహం చూశాను. ఎప్పుడో బర్రె కొమ్ము తగిలి పెదవి చీలిన చోట, ఎడమ వైపు, ఆయనకు మీసం మొలవదు. రోజూ చూసిన మొహమే. ఆ పుస్తకాన్ని భూతద్దం పెట్టి మరీ పరీక్షించాను కదా, అందులో ఆవిడ గీసింది తన మొగుణ్ణేనని ఒక్కసారీ నాకు తట్టలేదు. పెద్దబాపు ఆవిడ భుజం మీంచి వంగి ఒక్కో బొమ్మా చూశాడు. పేజీలు కదలకుండా నొక్కిపట్టే పని నాకిచ్చారు. చీమలు నా చేతుల్ని కుట్టాయి, కుట్టనిచ్చాను.

ఆపరేషన్ అయ్యాక పేపరు చదువుకునేంత చూపు మిగిలింది ఆయనకు. ఒకరోజు పిలిచి ఆ పుస్తకం నా చేతిలోనే పెట్టాడు. "నీ దగ్గర్నే ఉంచు బిడ్డా. దీన్ని ఎవ్వలు కొనరు, నాకేం భయం లేదు."

ఇప్పుడు మేము జల్‌పల్లి దగ్గర చిన్న ఇల్లు కట్టుకున్నాం. అట్టపెట్టెలన్నీ పోయాయి, ఇదొక్కటే మిగిలింది. మొన్న గ్రూపులో ఓ కుర్ర కలెక్టరు దీని ఫొటో చూసి 'కండిషన్ ఏంటన్నా?' అని అడిగాడు. వాడి తొందర చూస్తే తెల్ల బూట్ల నేనే గుర్తొచ్చి నవ్వొచ్చింది. 'చాయ్ మరకలు, చీమ కాట్లు, మీసాలు. అమ్మను' అని రాశాను. దానికిప్పుడు ప్లాస్టిక్ కవరు లేదు, ఎవరొచ్చినా తిప్పి చూడొచ్చు. పంచదార డబ్బాకు మాత్రం ఎప్పుడూ దూరంగా పెడతాను.