అటు ఒకటి, ఇటు మూడు

నా కాగితం చింపినవాణ్ని నేను క్షమించలేదు. ఇప్పటికీ క్షమించను.

నాందేడ్‌లో కోచింగ్ క్లాసు. పరీక్ష మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు మారుతాయి. మొదటి బ్యాచ్‌కే సార్ స్వయంగా చెప్తాడు, మిగతావాళ్లకు వీడియోలే గతి. మేం ధర్మాబాద్ వైపు తెలుగువాళ్లం. సార్‌దీ మా వైపే, కానీ పాఠమంతా మరాఠీ. నన్ను తిట్టేటప్పుడు మాత్రం తెలుగు, పక్కవాళ్లకు అర్థం కాకుండా.

ఆ రోజు పరీక్షలో పాలినామియల్ లెక్క. డెరివేటివ్ తీసి సున్నాకు సమానం చేస్తే క్రిటికల్ పాయింట్ వస్తుంది. అక్కడ గ్రాఫు గీతలో గుట్టో గుంటో ఉండి తీరుతుందని సార్ చిట్కా. నేను నమ్మలేదు. ఆ పాయింటుకు అటొక విలువ, ఇటొక విలువ వేసి, డెరివేటివ్ గుర్తు మారిందో లేదో చూసి రాశాను; ప్లస్ అయితే గీత ఎక్కుతున్నట్టు, మైనస్ అయితే దిగుతున్నట్టు.

"ఏందే, ఒక్క లెక్కకు ఇంత రామాయణమా? నీ అసొంటిదానికి ఎనక బ్యాచే ఎక్కువ, పో!" అని కాగితాన్ని రెండు ముక్కలు చేశాడు.

రైల్లో ముద్ఖేడ్ దాకా ఏడ్చాను. ఇంట్లో ఆ ముక్కలు అతికిస్తుంటే అమ్మ, "పోనియ్ బిడ్డా" అంది. ఎట్లా పోనిస్తాను? నాలుగు నెలలు పళ్లు నూరుకుంటూ వీడియోలు చూశాను.

అడ్మిషన్ల ఆదివారం వచ్చింది. హాలు నిండా కొత్త పిల్లల తల్లిదండ్రులు. ఏ లెక్కైనా ఇవ్వండి, నిమిషంలో చేస్తానని సార్ ఏటా వాళ్ల ముందు చెప్పుకుంటాడు. నేను లేచాను.

"ఎక్స్ ఘనం మైనస్ ఆరు ఎక్స్ వర్గం ప్లస్ పన్నెండు ఎక్స్."

చకచకా చేశాడు. "రెండు దగ్గర సున్నా. ఇక్కడ గుంట."

"డెరివేటివ్‌లో ఒకటి వేయండి సార్. మూడు కూడా వేయండి," అన్నాను మరాఠీలో, అందరికీ అర్థం కావాలని.

వేశాడు. రెండుసార్లూ ప్లస్ మూడే. ఎక్కే దారి రెండు దగ్గర క్షణం చదునై మళ్లీ ఎక్కుతోంది. గుట్టా లేదు, గుంటా లేదు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. సార్ చెవులు ఎర్రబడ్డాయి. అబ్బ, ఎంత హాయి!

అతికించిన కాగితం ఆయన ముందు పెట్టి మార్కులు వేయమన్నాను.

"కూసో బిడ్డా, తర్వాత మాట్లాడుదాం," అన్నాడు తెలుగులో, మెల్లగా.

"మరాఠీలో చెప్పండి సార్."

అందరూ చూస్తుండగా పదికి పది వేశాడు. మర్నాటి నుంచి మొదటి బ్యాచ్‌లో మొదటి బెంచీ నాది. ఆ ఏడాదంతా ప్రతి లెక్కలో అటొకటి, ఇటొకటి వేసేవాడు, వేసేముందు నా మొహం చూసేవాడు. చూసినప్పుడల్లా నా కడుపు చల్లబడేది.