మూడో ట్యాంకు మీద తువ్వాలు

దెయ్యాల్నీ అద్భుతాల్నీ నేను ఏనాడూ నమ్మలేదు. ఇది రాస్తున్నాను కాబట్టి ఇప్పుడు నమ్ముతున్నానని ఎవరైనా అనుకుంటే అది వాళ్ళ ఇష్టం.

నేను ప్రోగ్రామర్‌ని. రాజమండ్రిలో ఇంటి నుంచే పని చేస్తాను. మా అన్నయ్య మండపేటలో ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో మెకానిక్. అక్కడ వడ్లని పెద్ద ట్యాంకుల్లో నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెడతారు. ఆ పనులన్నీ కంప్యూటర్ చేయించేలా నేనే ఒక ప్రోగ్రాం రాసిచ్చాను. మేనేజరు గారు ‘రెండో ట్యాంకు నింపు’, ‘మూడో ట్యాంకుకి ఆవిరి తెరువు’ అని వరసగా టైపు చేసి పెడితే చాలు, అది ఒక్కో వాక్యం చదువుకుంటూ చేసుకుపోతుంది.

టైపు చేసేవాళ్ళు తప్పులు చేస్తారు. ఒక్క తప్పుకి మొత్తం ఆపేస్తే మిల్లు నడవదు. అందుకని అర్థం కాని వాక్యం వస్తే దాన్ని ఒక్కదాన్నే వదిలేసి, దాని చివరి చుక్క దాకా దాటుకుని, తర్వాతి వాక్యం నుంచి మళ్ళీ మొదలుపెట్టేలా రాశాను. తెర మీద ‘అర్థం కాలేదు’ అని చూపిస్తుంది. ఇందులో మాయేమీ లేదు. ఇలా వాక్యాలు విడదీసి చదివే ప్రోగ్రాంలు, అంటే పార్సర్లు, మామూలుగా చేసే పనే.

ఆ మిల్లులో ఒక పాత అలవాటుంది. ట్యాంకులోకి దిగేవాడు అంచు మీద తన తువ్వాలు వేసి దిగుతాడు. ఆవిరి వాల్వు తిప్పేవాడు అది చూసి ఆగుతాడు. కంప్యూటర్ వచ్చాక వాల్వు దగ్గర మనిషే లేడు. తువ్వాలు వెయ్యడం మాత్రం ఎవరూ మానలేదు.

ఒకరోజు మధ్యాహ్నం మూడో ట్యాంకు అడుగున వడ్లు అంటుకుపోయాయని అన్నయ్య దిగాడు. తువ్వాలు వేశాడు. ఆఫీసు గదిలో ఎవరికీ చెప్పలేదు. ఆయన లోపల ఉండగానే ఆ ట్యాంకుకి ఆవిరి తెరవాల్సిన వాక్యం వచ్చింది.

ఆవిరి రాలేదు. తెర మీద ‘అర్థం కాలేదు’ అని పడింది. ప్రోగ్రాం ఆ వాక్యాన్ని దాటేసి నాలుగో ట్యాంకు పని మొదలుపెట్టింది. ఏంటా అని చూడ్డానికి మేనేజరు గారు ట్యాంకుల దగ్గరికి వస్తే తువ్వాలు కనిపించింది.

మర్నాడు వెళ్ళి చూశాను. ఆ వాక్యంలో అక్షరం తప్పు లేదు. అన్నయ్య దిగడానికి ముందురోజు అదే వాక్యం చక్కగా నడిచింది. ఫైలు ఎవరూ ముట్టుకోలేదు, కరెంటు పోలేదు, మెమరీ బాగానే ఉంది. అదే ఫైలుని అదే కంప్యూటర్లో ఎన్నిసార్లు నడిపినా మళ్ళీ తప్పు చూపించలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. భయం కూడా వేసింది. కారణం ఇప్పటికీ దొరకలేదు.

మిల్లువాళ్ళు కంప్యూటర్‌కి నిమ్మకాయ కట్టారు. ఇంక ఆ ప్రోగ్రాం జోలికి పోవద్దండి అన్నారు మేనేజరు గారు. మా వదినేమో చర్చిలో సాక్ష్యం చెప్పమని పట్టుబట్టింది.

“దేవుడు చేసిన మేలు దాచిపెట్టకూడదమ్మా. నువ్వు రాసిందే కదా, నువ్వే చెప్పాలి,” అంది.

“ప్రోగ్రాంకి ఆ వాక్యం అర్థమై ఉంటే ఏమయ్యేది వదినా? ఇంకోసారి అర్థమైతే?” అన్నాను. వదిన కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆదివారం చర్చిలో లేచి నిలబడ్డాను.

“మా అన్నయ్య బతికాడు. ఎలా బతికాడో నాకు తెలీదండి. వెతికాను, దొరకలేదు. ఇంకా వెతుకుతాను. ఈలోగా ఆవిరి పైపులకి తాళాలు పెట్టించాను. ఇకనుంచి ట్యాంకులోకి దిగేవాడు తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని దిగుతాడు,” అని చెప్పి కూర్చున్నాను.

ఆమెన్ అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. వెనక వరసలోంచి అన్నయ్య ఒక్కడే అన్నాడు.