తంగవేల్ మామ పాజ్ బటన్

తంగవేల్ మామకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు: కదులుతున్న బొమ్మను కదలనివ్వడు. టీవీలో ఏది వస్తున్నా ఆయన బొటనవేలు తనంతట తానే రిమోటు మీదికి పాకి పాజ్ నొక్కేస్తుంది. అరవై నాలుగేళ్ళు వచ్చినా ఆయన ఏ సినిమానూ మొదటినుంచి చివరిదాకా చూసిన పాపాన పోలేదు. చూసినవన్నీ ఫోటోలే.

పోదనూరులో ఆయన వీధిలోనే పుట్టి పెరిగిన కళైవాణి, పెళ్ళి వీడియో కథ ఎన్నిసార్లు విన్నదో లెక్కలేదు. మామ కూతురి పెళ్ళి వీడియో చూద్దామని వియ్యంకుడు ముచ్చటపడి వచ్చాడు. తాళి కట్టే ఘట్టం మూడో రోజుకు గానీ రాలేదు. భోజనాల పంక్తి దగ్గర మామ మళ్ళీ పాజ్ నొక్కి, లేచి తెర దగ్గరకు వెళ్ళి, కళ్ళజోడు సవరించుకున్నాడు. "సంబంధీ, ఇదో చూడండి. మీ ఎడమ చెయ్యి. రెండు లడ్లు జోబులోకి పోతాండాయి" అన్నాడు. ఎత్తిపొడవాలని కాదు, కంటికి కనిపించింది కనుక చెప్పాడు. యథార్థవాది లోకవిరోధి అంటారు. మామ లోకందాకా పోకుండా వియ్యంకుడితోనే మొదలుపెట్టాడు. ఆ పెద్దమనిషి రెండేళ్ళు ఆ ఇంటి గడప తొక్కలేదు.

ముప్పై నాలుగేళ్ళు ఆయన ఒక పంపుల ఫౌండ్రీలో ప్యాటర్న్ మేకరుగా పనిచేశాడు. అంటే ఇనుములో పోతపోయబోయే భాగాన్ని ముందుగా చెక్కతో చెక్కి ఇచ్చేవాడు. చెక్కలో వెంట్రుకవాసి తేడా వస్తే ఇనుములో వెయ్యి పంపులు పాడవుతాయి. అలాంటి పనిలో పండిన మనిషిని రిటైరు చేసి ఇంట్లో కూర్చోబెడితే ఏమవుతుందో ఆయన భార్య లక్ష్మియమ్మాళ్‌ని అడగాలి. మొదటి వారంలోనే దోసె గుండ్రంగా లేదని, కొలవడానికి వెర్నియర్ కాలిపర్ తీశాడట.

ఆవిడ మొర ఆలకించినవాడు గ్రైండర్ల డీలరు పళనివేల్. ఒక ఇంగ్లీషు అంతరిక్ష సినిమా మూడు భాగాలుగా వచ్చింది. అందులో తలనుంచి కాలిదాకా బూడిదరంగు కవచాలు తొడిగిన సైన్యం ఒకటి ఉంటుంది. ఆ కవచాలను తెరమీద ఉన్నవి ఉన్నట్టే తయారుచేసి, తొడుక్కుని, ఊరేగడానికి పళనివేల్ ఒక క్లబ్బు పెట్టాడు. పంటి డాక్టరు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, బ్యాంకు క్యాషియరు, అంతా కలిసి ఇరవై మంది. వాళ్ళకు వేరే పని లేదా అని అడగకండి. ఆదివారం పూట పేకాడేవాళ్ళను ఎవరూ అలా అడగరు కదా.

ఒక శిరస్త్రాణం పగిలింది, బాగుచేసి పొమ్మని పళనివేల్ మామను పిలిచాడు. మామ వచ్చాడు, సినిమా పెట్టమన్నాడు, పాజ్ నొక్కాడు. ఆ రోజునుంచి క్లబ్బు తనిఖీ అధికారి ఆయనే. ఆయన పాస్ చేయని కవచం ఊరేగింపులో నడవకూడదని నిబంధన రాసిందీ పళనివేలే, ఆ నిబంధన కింద ఆరుసార్లు ఫెయిలైందీ పళనివేలే. తెరమీద సైనికుల నడుము ముప్పై నాలుగు అంగుళాలు, అధ్యక్షులవారిది నలభై ఎనిమిది. అందుచేత క్లబ్బు స్థాపకుడు తెల్లచొక్కా తొడుక్కుని, వేష్టి పంచె కట్టుకుని బ్యానరు పట్టుకుని ముందు నడుస్తాడు. చూసేవాళ్ళు ఏదో పార్టీ ఊరేగింపు అనుకుంటారు.

తనిఖీ ప్రతి ఆదివారం పళనివేల్ గోడౌన్‌లో జరుగుతుంది. మామ ముక్కాలిపీట మీద కూర్చుంటాడు. ఎదురుగా ల్యాప్‌టాప్‌లో సినిమా ఆగి ఉంటుంది.

"ఏమి డాక్టరే ఇది?"

"కవచం మామా. రెండు కోటింగులు ఇచ్చినా, ఎట్ల మెరుస్తాందో చూడండి."

"అదే దా తప్పు. సినిమాలో వాళ్ళు మూడు యుద్ధాలు చేసి వచ్చుండారు. మీరు షోరూములోనుంచి వచ్చినట్ల ఉండారు. స్క్రీన్‌లో అట్ల లేదు."

పాపం డాక్టరు ఆ కవచాన్ని స్కూటరుకు తాడుతో కట్టి గోడౌను చుట్టూ ఈడ్చుకొచ్చాడు. వచ్చే ఆదివారం మామ గీతలు లెక్కపెట్టాడు. "పదమూడు ఉండాయి. పన్నెండే ఉండాల. ఒకటి చెరిపేసి రాండి" అన్నాడు.

ఇంకోసారి, తెరమీద ఒక సైనికుడు ఎడమచేతి తొడుగు తిరగేసి తొడుక్కుని ఉండడం మామ కంటపడింది. బ్యాంకు క్యాషియరు వసంతకుమార్‌ను కూడా అలాగే తొడుక్కోమన్నాడు.

"అది సినిమావాళ్ళ తప్పు మామా!" అని వసంతకుమార్ మొత్తుకున్నాడు.

"కాదన్నది ఎవరు? వాళ్ళ తప్పును మనం తప్పు లేకుండా చెయ్యాల."

మామ పక్షపాతి అని మాత్రం ఎవరూ అనలేరు. తన కోసం చేసుకున్న కవచాన్ని తానే నాలుగుసార్లు ఫెయిల్ చేసుకున్నాడు. నాలుగోసారి రిజిస్టరులో తన పేరు ఎదుట "ఈ ఆసామికి చెప్పినా బుద్ధి రాదు" అని కూడా రాశాడు.

ఇవన్నీ తెలిసే కళైవాణి క్లబ్బులో చేరింది. ముప్పై మూడేళ్ళది. ఒక మోటార్ల కంపెనీలో రాగితీగ చుట్టే పని. ఎత్తు నాలుగడుగుల ఏడంగుళాలు. మెషీను అందక బోర్లించిన డబ్బా ఎక్కి పనిచేస్తుంది. ఆ డబ్బాను దాచిపెట్టి తమాషా చూడడం అక్కడి మగాళ్ళకు టీ విరామంలో కాలక్షేపం. బళ్ళో చదివేటప్పుడు మార్చ్‌పాస్టుకు వరస చెడుతుందని డ్రిల్లు మాస్టారు ఆమెను పక్కకు తీసి, అందరి చెప్పులకూ కాపలా పెట్టాడు. అందరితో కలిసి ఒక వరసలో, ఒకే అడుగు వేస్తూ, ఒక్కసారి నడవాలి. ఆమె కోరిక అంతే. నవంబరులో ఎగ్జిబిషన్ మైదానంలో క్లబ్బు ఊరేగింపు ఉంది. ఆమెకు ఎనిమిది నెలల టైముంది.

వ్యాయామశాలల్లో నేలమీద పరిచే ఫోమ్ చాపలు తెచ్చి, కోసి, హీట్ గన్నుతో వంచి, మొదటి కవచం తయారుచేసింది. సినిమా కొలతలు తు.చ. తప్పలేదు. ఛాతీ కవచం మోకాళ్ళు దాటింది.

మామ చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. "అమ్మిణీ, నువ్వు దీన్ని తొడుక్కోలేదు. దీంట్లో కాపురం పెట్టినావు. స్క్రీన్‌లో అట్ల లేదు."

రెండోసారి అడుగున్నర ఎత్తు బూట్లు చేసింది. నాలుగు అడుగులు దర్జాగా వేసింది. ఐదోది పళనివేల్ పొట్టమీద వేసింది. ఆ పొట్ట అక్కడ లేకపోతే ఎముకలు విరిగేవి. క్లబ్బుకు అధ్యక్షుడి నడుము ఉపయోగపడిన సందర్భం అదొక్కటే.

మూడోసారి తన ఒంటికి సరిగ్గా కుట్టినట్టు చేసింది. చక్కగా అమరింది కూడా. మామ ల్యాప్‌టాప్ కేసి చూశాడు, ఆమెకేసి చూశాడు. "ఛాతీమీద ఏడు గాడులు ఉండాల, నీకి ఐదుకే చోటు సరిపోయుండాది. భుజం పట్టీ వెడల్పు జాస్తి. ఏమి చేసేది అమ్మిణీ, ఈ సినిమాలో ఆరడుగులకి తక్కువ ఎవడూ లేడు."

కళైవాణి శిరస్త్రాణం తీసేసింది. ముఖం చెమటతో తడిసిపోయింది, కోపంతో ఎర్రబడింది.

"ఆ మాట నాకి ఆరో క్లాసునుంచి తెలుసు మామా. దానికి సినిమా చూడక్కర్లేదు."

మామ రిజిస్టరు తెరిచాడు. ఏమీ రాయకుండానే మూసేశాడు. తనిఖీ ఫలితం రిజిస్టరుకు ఎక్కకపోవడం క్లబ్బు చరిత్రలో అదే మొదలు. కళైవాణి కవచాన్ని గోనెసంచిలో కుక్కి ఇంటికి తీసుకుపోయి అటకమీదికి విసిరేసింది. వాట్సాప్ గ్రూపులోనుంచి కూడా తప్పుకుంది. ఆ వారమంతా ఆమె ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. బోర్లించిన డబ్బాను దాచినవాడికి మాత్రం ఒక చెంపదెబ్బ దక్కింది. అది చాలాకాలంగా బాకీ ఉన్నదే.

మూడు వారాల తరువాత ఒక ఆదివారం లక్ష్మియమ్మాళ్ ఫోను చేసింది. "కళైవాణీ, కొంచం ఇంటికి రామ్మా. మీ మామని చూస్తే నాకి బయ్యంగా ఉండాది."

"ఏమైంది అత్తా? ఒంట్లో బాగలేదా?"

"ఒళ్ళు బాగుండాది. తలకాయే బాగలేదు. ఇరవై రోజులుగా ఆ సినిమానే చూస్తాండారు. సాంబారు అన్నంలో పోస్తే చాలదా? నిన్న రిమోటుమీద పోసుకున్నారు. నేను ఏమి అడిగినా 'సుమ్మా ఉండు, నీడ పోతుంది' అంటారు."

కళైవాణికి వెళ్ళాలని లేదు. ఇంకా ఏ వంక దొరికిందో చెప్పడానికే అయ్యుంటుందని అనుకుంది. కానీ లక్ష్మియమ్మాళ్ మాట తీసేయలేక వెళ్ళింది. మామ టీవీకి జానెడు దూరంలో కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసి ఉంది. కళ్ళు గుంటలు పడ్డాయి.

"వచ్చినావా? కూర్చో. రెండో భాగం, గంటా పన్నెండు నిమిషాలు, నలభయ్యో సెకను. వంతెన సీను. కడసీలో నిలిచుండాడే, వాణ్ణి చూడు."

చూసింది. పొడవాటి వంతెనమీద సైనికులు వరసగా ఉన్నారు. చివరివాడు చిన్నగా కనిపిస్తున్నాడు.

"చూసినా. దూరంగా ఉండాడు, అందుకే చిన్నగా ఉండాడు. దీంట్లో ఏముంది?"

"నేనూ అట్ల దా అనుకున్నా. ఇప్పుడు వాడి కాళ్ళు చూడు. వాటిమీద ఏమి పడుండాది?"

"నీడ."

"ఎవరిది?"

కళైవాణి తెరకు దగ్గరగా జరిగింది. ముందు నిలబడ్డ ఆరడుగుల సైనికుడి నీడ వంతెనమీద వాలి చివరివాడి బూట్లమీద పడుతోంది.

"ముందువాడిది!"

"నూరడుగుల దూరంలో ఉండేవాడి కాళ్ళమీద వీడి నీడ ఎట్ల పడుతుంది? వాడు దూరంగా లేడు అమ్మిణీ. మూడడుగుల వెనక ఉండాడు. మనిషే పొట్టి. వంతెన రొంబ పొడుగని జనం నమ్మాలని, పొట్టి మనిషికి చిన్న కవచం తొడిగి వెనక నిలబెట్టినారు. పక్కన పడున్న తుపాకీ పొడవు నాకి తెలుసు. దాన్ని పెట్టి లెక్కేసినా. వాడి ఎత్తు నాలుగడుగుల ఏడూ పావు."

"పావా?"

"నువ్వు పావు అంగుళం తక్కువ. బూటు మడమలో అట్ట పెట్టుకో. అది లేకుంటే ఫెయిలే."

కళైవాణికి ముందు నవ్వొచ్చింది, ఆ తరువాత కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది. మామ అదేమీ గమనించకుండా సోఫా కిందనుంచి ఒక చెక్క స్కేలు తీశాడు. కొత్తగా చెక్కింది, ఇంకా వార్నిషు వాసన వేస్తోంది. పన్నెండు అంగుళాల గీతలున్నాయి గానీ స్కేలు మాత్రం మామూలుదానికంటే బాగా పొట్టిగా ఉంది.

"పోతపోసిన లోహం చల్లారితే కుంచించుకుంటుంది. దానికని ఫౌండ్రీలో లోహానికొక స్కేలు చేసుకుంటాము. ఇది నీకి చేసినా. సినిమా కొలతలన్నీ దీంతో గీసుకో. ఏడు గాడులూ పడతాయి, పట్టీ వెడల్పూ సరిపోతుంది." స్కేలు ఆమె చేతిలో పెట్టి అన్నాడు: "దీంతో కొలిస్తే నువ్వు ఆరడుగులు."

"నా కోసరం ఇరవై రోజులు చూసినారా మామా?"

మామకు చిరాకు వచ్చేసింది. మంచివాడని తెలిసిపోవడంకంటే పెద్ద అవమానం ఆయనకు లేదు. "నీ కోసరం ఎవరు చూసినారు? వాడు లేకుండా నాలుగేళ్ళుగా మన క్లబ్బుని ఊరేగించినామే, అదెంత పెద్ద తప్పు! ఆ తప్పు వరసకి నేను పాస్ ఇచ్చినా. నలుగురికి తెలిస్తే సిగ్గుచేటు. పో, పోయి పని చూడు."

వంటింటి గుమ్మంలోనుంచి లక్ష్మియమ్మాళ్ నుదురు కొట్టుకుంది. "ఈయన బాగానే ఉండారమ్మా. నువ్వు కాఫీ తాగి పో" అంది.

నవంబరు ఊరేగింపు నాలుగు గంటలకని కరపత్రాల్లో వేశారు. నాలుగుంపావుకు కూడా సైన్యం కదలలేదు. మైకు పట్టుకున్నాయన రెండుసార్లు పిలిచి, మూడోసారి కేకలేశాడు. సైన్యం ఎండలో ఉడికిపోతోంది. మామ నేలమీద గొంతుక్కూర్చుని, టేపు పట్టుకుని, కొత్త కవచంలో వరస చివర నిలబడ్డ కళైవాణి బూట్లకేసి చూస్తున్నాడు.

పళనివేల్ బ్యానరు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. "మామా, ఏమి చేస్తాండారు? జనం వెయిట్ చేస్తాండారు!"

"ఎండ ఇంకా తిరగలేదు. ముందువాడి నీడ బూటుకి రెండంగుళాల పక్కన పడతాంది. బూటుమీద పడాల."

"ఎండని కూడా మీరే పాస్ చేస్తారా?"

"పాస్ అయితే దా పోతాము."

నాలుగూ నలభైకి, ముందు నిలబడ్డ వసంతకుమార్ నీడ జరిగి, కళైవాణి బూట్లమీద సరిగ్గా పడింది. మామ లేచి వేష్టి దులుపుకున్నాడు. "కానివ్వండి" అన్నాడు. కళైవాణి కుడికాలు ముందు వేసింది, అందరూ అదే కాలు వేశారు. మైదానం పొడవునా జనం ఈలలు వేశారు. ఎంత పొడుగు వరసో చూడరా అని ఎవరో అనడం శిరస్త్రాణంలోపలికి వినిపించింది. లోపల ఆమె పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది. అలా నవ్వుతూనే ఒక్క అడుగు కూడా తప్పకుండా చివరిదాకా నడిచింది.

సైన్యం కవచాలు విప్పుకుంటుంటే పళనివేల్ ఒక మైసూరుపాకు డబ్బా తెరిచి, ఒకటి నోట్లో వేసుకుని, మెల్లగా మామ పక్కన చేరాడు. కళైవాణి వాళ్ళకు దగ్గరలోనే కూర్చుని బూటు మడమలోని అట్ట తీస్తోంది.

"మామా, తొందర లేదు. సుమ్మా అడుగుతాన్నా. ఆ సినిమాలో... కొంచం లావుగా... ఎవడైనా..."

"మొదటి భాగంలో లేడు. రెండో భాగంలోనూ లేడు" అన్నాడు మామ, టేపు చుట్టుకుంటూ. "మూడోది సగం అయింది. వంటశాల సీను రాబోతాంది. అక్కడ దొరుకుతాడని నాకి నమ్మకం ఉండాది."

పళనివేల్ నోట్లోది మింగడం మరిచిపోయాడు. "మీరు... ఎప్పటినుంచి చూస్తాండారు?"

"నువ్వు మొదటిసారి ఫెయిలైన దినంనుంచి."

పళనివేల్ నోట్లోది గబుక్కున మింగాడు. చేతిలోని డబ్బా మూత పెట్టేసి, ఇకనుంచి తినడం తగ్గిస్తాను మామా అని మాటిచ్చాడు.

మామ ఉలిక్కిపడి ఆ డబ్బా లాక్కుని, మూత తీసి, మళ్ళీ అతని చేతిలో పెట్టాడు. "తిను, తిను! ఇప్పుడు పోయి సన్నబడితే నేను పడిన కష్టమంతా వేస్టు!"