సారు తాగనన్న ప్రాయశ్చిత్తం

మా లెక్కల సారు పోయారన్న కబురు నాకు వనపర్తిలో అందింది. బడికి సెలవు చెప్పి గద్వాల చేరేసరికి మధ్యాహ్నం దాటింది. శవం ఇంకా వాకిట్లోనే ఉంది. ఆయన కులపెద్దలు అరుగు మీద నశ్యం పీలుస్తూ కూర్చున్నారు. పాడె ముట్టుకున్నవాడు లేడు.

సారు సముద్రం దాటి వెళ్లి పెద్ద చదువు చదివారు. ఆ పాపం పోవాలంటే ఆవు పేడ, మూత్రం కలిపిన పంచగవ్యం తాగాలని, తిరిగొచ్చిన రోజే వీళ్లు పట్టుబట్టారు. "చదువుకోను వోయిన. దొంగతనం చెయ్యలే" అన్నారట సారు. అంతే, బతికినన్నాళ్లూ బంతిలో ఆయన విస్తరి వేరు. గ్రహణం ఎప్పుడు పడుతుందో లెక్కగట్టి చెప్పమని మాత్రం సిగ్గులేకుండా ఇంటికొచ్చేవాళ్లు. సారు విసుక్కోకుండా చెప్పి పంపేవారు.

హైదరాబాదు కాలేజీలో పాఠాలు చెప్పినా, సెలవులకు గద్వాలలో మా నేతగాళ్ల వీధికే వచ్చేవారు. మా నాయన మగ్గం మీద నూలు పోగుకు పట్టు పోగు అతికిన చోట కూర్చుని, పోగును వేలితో మీటేవారు. "సూడు, వణుకు కొంత అవతలికి వోయింది, కొంత మర్లొచ్చింది. ఎందుకు?" నేను ఏదో ఒకటి కల్పించి చెప్పబోతే, "తెల్వదని చెప్పు. ఆడికెల్లి మొదలువెడదాం" అనేవారు. అలాంటి వణుకుల మీద ఆయన కట్టిన గణితాన్నే దేశదేశాల పండితులు చదివారు. నాయన మాత్రం పోగు తెగుతుందని గొణిగేవాడు. నేను లెక్కల పంతులునయ్యానంటే ఆ ప్రశ్నల పుణ్యమే.

అరుగు మీది పెద్దాయన లోపలికి కేకేశాడు. "ఏందమ్మా, ఇంకెంతసేపు? పంచగవ్యం ఆయన నోట్ల వొయ్యి, పాడె లేపుతం. నీకు కొడుకులు గూడ లేకపాయె. నిప్పుకుండ వట్టాలన్నా మాలోనుంచే రావాలె."

చచ్చిన మనిషి దవడ తెరిచి పొయ్యమంటున్నారు! అంత రోత నేనెక్కడా చూడలేదు. సారు భార్యను మేమందరం అమ్మ అనే పిలిచేవాళ్లం. ఆమె ఒప్పుకోకపోతే పాడె లేవదు. ఒప్పుకుంటే సారు బతుకంతా కాదన్నది ఇప్పుడు గొంతులో పడుతుంది.

అమ్మ వాకిట్లోకి వచ్చి, శవం పక్కన వాళ్లు కలిపి ఉంచిన పంచగవ్యం గిన్నె అందుకుంది. నా ప్రాణం ఉసూరుమంది. ఆమె నేరుగా అరుగు దగ్గరికి నడిచి దాన్ని పెద్దాయన ముందు పెట్టింది.

"మూతవడ్డ నోరు ఎందుకు తెరుస్తరు? మీయి తెరిచే ఉన్నయి గద. మీరే తాగుండ్రి."

తర్వాత నా వైపు తిరిగి, "నాయనా, మీ వాడకట్టోళ్లను పిలువు" అంది.

మగ్గాలు దిగి వచ్చారు మావాళ్లు. పాడెకు భుజం పట్టాం. నిప్పుకుండ అమ్మే ఎత్తుకుంది. ఆడది వల్లకాటికి పోవుడేందని వెనకనుంచి ఒకటే అరుపులు. అమ్మ తిరిగి చూడలేదు. కాలిపోతున్న ఆ బండల దారిలో, చెప్పుల్లేని కాళ్లతో, కుండ పొగ కళ్లలో పడుతున్నా మొహం పక్కకు తిప్పకుండా మా ముందు నడిచింది.